అవ్వ నోరు విప్పాలంటే...

ప్రశ్న: ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్నాను. వైద్య విద్యార్థులు కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని గమనించే కుటుంబ దత్తత కార్యక్రమంలో నాకు కేటాయించిన ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ ఉన్నారు. ఏమడిగినా ‘మంచిగనే ఉన్న బిడ్డా’ అంటారు. ఆరోగ్య వివరాల ఫారం నిండటం లేదు. ఏం చేయాలి?
– ఓ విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు ఫారం పక్కన పెట్టండి. వరసగా ప్రశ్నలు వేస్తే పెద్దవాళ్లకు అది విచారణలా తోస్తుంది. కొడుకూ కోడలూ ఎదుట ఉంటే, భారమవుతానేమోనని నొప్పిని కూడా దాచుకుంటారు. వినికిడి లోపమూ ఉండొచ్చు. వయసు పైబడితే ముందుగా హెచ్చు శ్రుతి శబ్దాలే వినపడటం తగ్గుతుంది, అందుకే అరిచినా లాభం ఉండదు. టీవీ ఆపించి, మీ మొహం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడండి.

మొదటిసారి ఆమెనే చెప్పనివ్వండి: వాళ్ల కాలంలో కాన్పులు ఎవరు చేసేవారు, జ్వరమొస్తే ఏం పెట్టేవారు? ఆ ఇంట్లో నేర్చుకోవాల్సింది మీరు. తర్వాత మందుల సంచి చూపించమనండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో రాసుకోండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, మార్చొద్దు. మళ్లీ వస్తానన్న రోజు తప్పకుండా వెళ్లండి.

ఆమె కింద పడినా, ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడినా, తిండి మానేసినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి, మీ అధ్యాపకులకూ చెప్పండి. ఇంట్లో వేధిస్తున్నారన్న అనుమానం వస్తే ఒంటరిగా తలదూర్చకండి. అధ్యాపకులతో మాట్లాడి, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.