ప్రాధాన్యక్రమపు ఓటు: దాని గుణదోషములు

పదిమంది కూడి యొక పని నిర్ణయింపవలసినప్పుడు అందఱి యభిప్రాయము ఒకటిగా నుండుట యరుదు. అభిప్రాయములు రెండే యైనచో చిక్కు లేదు. చేతులెత్తించి లెక్కించిన చాలును. మూడో నాలుగో యైనప్పుడే అసలైన చిక్కు పుట్టుచున్నది. అందఱిలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచెనని మనము చెప్పుచున్నాము. కాని వానిని కోరినవారికంటె కోరనివారే యెక్కువగా నుండవచ్చును. నూటికి ముప్పదియైదు ఓట్లతో ఒకడు గెలిచినప్పుడు తక్కిన అఱువదియైదుగురి మాట యేమైనది? ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే ప్రాధాన్యక్రమపు ఓటు. మన లోకసభకును శాసనసభలకును జరుగు ఎన్నికలలో ఇది లేదు. కాని మన రాష్ట్రపతి ఎన్నికలోను, శాసనమండలి ఎన్నికలలోను ఇదియే యున్నది. కావున పౌరశాస్త్రము చదువు విద్యార్థులు దీనిని తెలిసికొనుట యవసరమని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఒక చిన్న లెక్కతో ప్రారంభింతము. ఒక తరగతిలో 60 మంది విద్యార్థులు గలరు. వారు విహారయాత్రకు పోవలెను. కొండపల్లి కోట, అమరావతి, మంగినపూడి సముద్రతీరము అని మూడు స్థలములు సూచింపబడినవి. ఓట్లు తీసికొనగా కొండపల్లికి 24, అమరావతికి 20, మంగినపూడికి 16 వచ్చినవి. మామూలు పద్ధతిని బట్టి కొండపల్లి గెలిచినట్లే. కాని అఱువదిమందిలో 36 మంది కొండపల్లిని మొదట కోరలేదు గదా!

ఇప్పుడు ప్రాధాన్యక్రమపు పద్ధతిని చూతము. ప్రతి విద్యార్థియు తన చీటిపై మూడు స్థలములకును వరుసగా అంకెలు వేయును. మిక్కిలి యిష్టమైనదానికి 1, తరువాతిదానికి 2, చివరిదానికి 3. మొదట 1 అంకె లన్నియు లెక్కింతురు. ఎవరికైనను సగముకన్న ఎక్కువ, అనగా ఇచ్చట 31 వచ్చినచో ఎన్నిక అంతటితో ముగిసినది. రానిచో అందఱికంటె తక్కువ వచ్చినదానిని పోటీనుండి తొలగింతురు. దాని చీటీలను పాఱవేయరు. వానిపై 2 అంకె ఎవరికి వేయబడినదో చూచి వారికి కలుపుదురు. ఎవరికైనను సగము దాటువఱకు, లేదా ఇద్దఱే మిగులువఱకు ఇట్లే చేయుదురు.

మన లెక్కలో మంగినపూడి తొలగిపోవును. దానిని కోరిన 16 మందిలో 13 మంది రెండవదిగా అమరావతిని, ముగ్గురు కొండపల్లిని వ్రాసిరనుకొందము. అప్పుడు కొండపల్లికి 27, అమరావతికి 33 అగును. అమరావతియే గెలిచినది. ఇద్దఱి మధ్యనే పోటీ జరిగినచో కొండపల్లికంటె అమరావతినే ఎక్కువమంది కోరుదురని యీ రెండవ లెక్క బయటపెట్టినది. మొదటి లెక్క దానిని దాచియుంచినది.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. డెన్మార్కు దేశమున కార్ల్ ఆండ్రే యను గణితవేత్త 1855 ప్రాంతమునను, ఇంగ్లండున థామస్ హేర్ యను న్యాయవాది 1859 లోను ఇట్టి యోటును ప్రతిపాదించిరి. వారు కోరినది ఒక నియోజకవర్గమునుండి పలువురు సభ్యులను ఎన్నుకొనుటకు. ఒకే స్థానమున కెన్నిక జరుగునప్పుడు ఆ పద్ధతి మనము పైన చూచిన రూపమును పొందును. ఆస్ట్రేలియాలో దీనికి అవసరము ఎట్లు కలిగెనో చూడుడు. 1918 అక్టోబరులో స్వాన్ నియోజకవర్గమున ఉపయెన్నిక జరిగెను. లేబరు పక్షమునకు వ్యతిరేకులైనవారి ఓట్లు రెండుగా చీలిపోయెను. లేబరు అభ్యర్థి నూటికి సుమారు 34 ఓట్లతో గెలిచెను. ఆ సంవత్సరమే యచటి పార్లమెంటు ప్రాధాన్యక్రమపు ఓటును శాసనము చేసెను. నేటికిని వారి ప్రతినిధిసభకు ఆ పద్ధతియే యున్నది. అచట ఓటరు అభ్యర్థు లందఱికిని అంకెలు వేయవలెను. మన దేశమున 1 అంకె మాత్రమే తప్పనిసరి. తక్కినవి ఓటరు ఇష్టము.

మన రాజ్యాంగములోని 55వ అధికరణము రాష్ట్రపతి ఎన్నిక ఈ పద్ధతిని జరుగవలెనని విధించినది. ఇచట ఓటు వేయువారు పార్లమెంటులోను రాష్ట్ర శాసనసభలలోను ఎన్నికైన సభ్యులు. రాష్ట్రపు జనాభాను బట్టి ఒక్కొక్క శాసనసభ్యుని ఓటుకు ఒక విలువ కట్టబడును. అందువలననే ఓటర్లు కొన్ని వేలమందియే యైనను మొత్తము విలువ లక్షలలో నుండును.

ఇంతవఱకు రెండవ ప్రాధాన్యములను లెక్కింపవలసి వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక ఒక్కటే. అది 1969 ఆగస్టులో జరిగినది. ముఖ్యమైన పోటీదారు లిద్దఱును తెలుగువారే యగుట మనకు విశేషము. ఒకరు బరంపురములో జన్మించిన వరాహగిరి వేంకటగిరి గారు. ఆయన స్వతంత్ర అభ్యర్థి. ప్రధానమంత్రి ఇందిరాగాంధి వారి మద్దతు ఆయనకే లభించినది. రెండవవారు అనంతపురము జిల్లావారైన నీలం సంజీవరెడ్డి గారు. ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రి. ఆయన కాంగ్రెసు అధికార అభ్యర్థి. మూడవవారు పూర్వపు ఆర్థికమంత్రి సి. డి. దేశముఖ్ గారు. వీరుగాక మఱి పండ్రెండుమంది యుండిరి.

చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలుచుటకు కావలసినది 4,18,169. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, దేశముఖ్ గారికి 1,12,769 వచ్చినవి. గిరి గారే ముందున్నను 16,654 తక్కువయ్యెను. కావున తక్కువ ఓట్లు వచ్చినవారిని ఒక్కొక్కరిని తొలగించుచు, తుదకు దేశముఖ్ గారిని కూడ తొలగించి, వారి చీటీలపై తరువాతి యంకెలను చూచిరి. ఆ ఓట్లలో 91,879 రెడ్డి గారికి పోయెను. గిరి గారికి వచ్చినవి 18,562 మాత్రమే. అయినను అవి చాలినవి. చివరి లెక్క గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. ఎనుబదియేడు వేలకు పైబడిన అంతరము పదునైదు వేలలోపునకు తగ్గిపోయెను. మొదట ముందున్నవాడు తుదివఱకు ముందుండు ననుకొనరాదని యీ యెన్నిక నేర్పుచున్నది. రెండవ అంకె వేయుట వట్టి లాంఛనము కాదని కూడ నేర్పుచున్నది.

ఇక గుణములను చెప్పుదుము. మొదటిది: గెలిచినవానికి, చివరివఱకు లెక్కకు నిలిచిన ఓట్లలో సగముకన్న ఎక్కువ మంది సమ్మతి యుండును. రెండవది: ఓట్లు చీలుననెడి భయము చాలవఱకు తగ్గును. ఒకే భావము గల యిద్దఱు పోటీచేసినను, ఒకరి ఓట్లు రెండవవారికి చేరవచ్చును గనుక మూడవవాడు అనాయాసముగా గెలువజాలడు. మూడవది: చిన్న పక్షమువానిని మెచ్చినవాడు నిర్భయముగా వానికే 1 వేయవచ్చును. వాడు ఓడినను ఆ ఓటు వ్యర్థము కాదు. నాలుగవది: అభ్యర్థులు పరుల యనుచరుల రెండవ ఓటును కూడ కోరవలసియుండును గనుక పరనింద కొంత తగ్గవచ్చునని దీనిని మెచ్చువారు చెప్పుదురు. ఐదవది: ఎవరికిని సగము రానప్పుడు కొన్ని దేశములలో మరల ఎన్నిక జరుపుదురు. ఇచట ఆ వ్యయప్రయాసలు లేవు.

గుణములు విని దోషములు వినకుండుట విద్యార్థి లక్షణము కాదు. మొదటి దోషము కష్టము. అంకెలు తెలియనివాడు వరుస పెట్టలేడు. 1951 జనాభా లెక్కలనాటికి మన దేశమున అక్షరాస్యులు నూటికి సుమారు 18 మందియే. అట్టి కాలమున గుర్తును చూచి ఒక ముద్ర వేయు పద్ధతి ప్రజలకు సులభమైనదనుటలో సందేహము లేదు.

రెండవది లెక్కింపునందలి శ్రమ. 2021 మార్చిలో తెలంగాణమున పట్టభద్రుల నియోజకవర్గములకు శాసనమండలి ఎన్నికలు జరిగినవి. హైదరాబాదు, రంగారెడ్డి, మహబూబ్‌నగరు స్థానమునకు 93 మందియు, నల్లగొండ, ఖమ్మము, వరంగల్లు స్థానమునకు 71 మందియు పోటీచేసిరి. ఓటుపత్రము వార్తాపత్రిక పుటవలె నుండెను. ఒక్కొక్కరిని తొలగించుచు లెక్కించుటకు దినములు పట్టినవి.

మూడవది చెల్లని ఓట్లు. 1 అంకె వేయక టిక్కు గుర్తు పెట్టిన ఓటు చెల్లదు. ఇద్దఱికి 1 వేసినను చెల్లదు. అంకెకు బదులు అక్షరములలో వ్రాసినను చెల్లదు. చదువుకొన్న పట్టభద్రులే యిట్టి పొరపాట్లు చేయుచుండుట విచారకరము.

నాలుగవది ఇంకిపోవు ఓట్లు. ఒకనికే అంకె వేసి విడిచినవాని చీటి, ఆ అభ్యర్థి తొలగినంతనే లెక్కనుండి పోవును. 1969లో చివరి లెక్కలోని యిద్దఱి ఓట్లను కూడినచో 8,25,504 అగును. మొత్తమునుండి తీసివేయగా 10,833 ఓట్ల విలువ తుదిదాక నిలువలేదని తెలియును.

ఐదవది యన్నిటికంటె సూక్ష్మమైనది. మరల మన విహారయాత్రకు పోదము. కొండపల్లిని కోరిన 24 మందియు, అమరావతిని కోరిన 20 మందియు రెండవదిగా మంగినపూడినే వ్రాసిరనుకొందము. మంగినపూడిని కొండపల్లితో మాత్రము పోల్చినచో 36కు 24తో మంగినపూడి గెలుచును. అమరావతితో పోల్చినచో 40కి 20తో అదియే గెలుచును. అనగా విడివిడిగా పోటీపెట్టినచో ఎవరిచేతను ఓడని స్థలము మంగినపూడియే. కాని 1 అంకెలు తక్కువ యగుటచే అదియే మొట్టమొదట తొలగినది! అందఱికిని ఆమోదయోగ్యమైనది, ఎవరికిని ప్రాణప్రదము కాకపోవుటచే పోయినది. ఇది వట్టి ఊహ కాదు. అమెరికాలోని బర్లింగ్టను నగరమున 2009 లో మేయరు ఎన్నిక జరిగెను. మొదటి లెక్కలో రైట్ అను నతనికి 2,951, కిస్ అను నతనికి 2,585, మాంట్రోల్ అను నతనికి 2,063 వచ్చినవి. తుదకు కిస్ 4,313 ఓట్లతో రైటును ఓడించెను. రైటుకు వచ్చినవి 4,061. కాని చీటీల నన్నిటిని పరిశీలింపగా, ముందే తొలగిపోయిన మాంట్రోల్ ఒక్కొక్కరితో విడిగా తలపడినచో అందఱిని గెలిచియుండునని తేలినది. మఱుసటి సంవత్సరము పౌరులు ఆ పద్ధతిని తీసివేసిరి. మరల కొన్నియేండ్లకు దానినే తెచ్చుకొనిరి.

ఆఱవ దోషమును విద్యార్థులు స్వయముగా లెక్కవేసి చూతురు గాక. కొండపల్లి పక్షమువారిలో ఐదుగురు అమరావతి గెలుచునేమోయని జడిసి, తమ మనసునకు విరుద్ధముగా మంగినపూడికి 1 వేసిరనుకొందము. అప్పుడు కొండపల్లికి 19, అమరావతికి 20, మంగినపూడికి 21. కొండపల్లి తొలగి, దాని 19 ఓట్లును మంగినపూడికి చేరి, అదియే 40 ఓట్లతో గెలుచును. ఆ యైదుగురు మనసులోని మాట దాచి లాభము పొందిరి. ఎత్తువేసి ఓటు వేయువారికి ఈ పద్ధతియందును చోటున్నదన్నమాట.

అట్లయిన దోషము లేని పద్ధతి యేది? ముగ్గురో అంతకెక్కువ మందియో పోటీలో నున్నప్పుడు, వరుసపెట్టిన యిష్టములనుండి తీర్పు చెప్పు పద్ధతి యేదియు, న్యాయమని మనకు తోచు కొన్ని నియమముల నన్నిటిని ఒక్కసారిగా నెఱవేర్పజాలదని అమెరికను అర్థశాస్త్రజ్ఞుడు కెన్నెత్ ఏరో 1951 లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. కావున ఏ పద్ధతిలో ఏ దోషము గలదో తెలిసి, సందర్భమును బట్టి యేది సహింపదగినదో నిర్ణయించుకొనుటయే మన చేతిలోనిది. ఓటర్లు అంకెలు తెలిసినవారై, అభ్యర్థులు కొలదిమందియై, ఎన్నుకొనవలసినవాడు అందఱికిని పెద్దగా నుండవలసినవాడైనచో ప్రాధాన్యక్రమపు ఓటు మేలని మా యభిప్రాయము. అభ్యర్థులు తొంబదిమంది యైనచో దాని మేలు లెక్కింపు బల్లల నడుమ కొంత పోవును.

మా పాఠశాలా సంఘములకు కార్యదర్శి నెన్నుకొనునప్పుడు ముగ్గురు నిలిచిరా, ఒకసారి యీ పద్ధతిని పరీక్షించి చూడుడు. చీటీలను దాచియుంచి, మామూలు లెక్కను, వరుస లెక్కను, ఇద్దఱిద్దఱిని పోల్చు లెక్కను మూడును వేసి చూడుడు. మూడింటను ఒకడే గెలిచినచో సంతోషము. వేఱువేఱుగా వచ్చినచో ఎవనిని కార్యదర్శిగా నంగీకరింపవలెనను చర్చయే మంచి పౌరశాస్త్ర పాఠమగును. నేటి విద్యార్థులు పదునెనిమిదేండ్లు నిండగానే ఓటర్లగుదురు. పట్టభద్రులైన పిమ్మట శాసనమండలి ఓటుపత్రమును కూడ చేతబట్టుదురు. నాడు టిక్కు పెట్టక, ఇచ్చిన కలముతో స్పష్టముగా 1 వేసి, మనసునకు నచ్చినంతవఱకు 2, 3 వేసి రండు. ఆ రెండవ అంకెయే తీర్పు చెప్పు దినము రావచ్చును.