సంతానలేమి చికిత్స – పిచికారీ తేదీ

సంతానము కొరకు వైద్యుని ఆశ్రయించు దంపతులలో సుమారు సగము జంటలయందు పురుషుని లోపము కూడ ఉండును. అయినను మన ప్రాంతమున మందులు మ్రింగునది, ఉపవాసములు చేయునది, మాటపడునది స్త్రీయే. ఈ విషయము నేడు వ్రాయుటకు కారణము ఒక విద్యార్థిని.

ఆమె ఆయుర్వేద కళాశాలలో చివరి సంవత్సరము చదువుచున్నది. బూర్గంపాడు, అశ్వాపురం వైపు అడవి అంచు పల్లెలలో పత్తి పండించు దంపతులను కలిసి, పర్యావరణ విషములు, సంతానలేమి చికిత్స అను అంశముపై వ్యాసము వ్రాసినది. ముగింపు కుదరక మా యింటికి వచ్చినది.

"గురువుగారూ, అశ్వగంధ, దూలగొండి చూర్ణములు మూడు నెలలు వాడిన పిమ్మట వీర్యకణముల సంఖ్య పెరిగినది. చూర్ణము ఫలించినదని ముగింపవచ్చునా?" అని అడిగినది.

పట్టిక చూచితిని. మొదటి పరీక్షలు జనవరిలో, రెండవవి ఏప్రిల్ చివర. "అమ్మాయీ, వీరు చేలో ఆఖరిసారి మందు కొట్టినది ఎప్పుడు?" అంటిని. ఆ గడి పట్టికలోనే లేదు.

చిక్కంతయు అచ్చటనే ఉన్నది. వృషణములలో వీర్యకణము తయారగుటకు సుమారు 74 దినములు పట్టును. పరిపక్వమై వెలికి వచ్చుటకు మరికొన్ని దినములు. కావున జనవరి పరీక్షలో కనబడినవి పిచికారీ ముమ్మరముగా సాగిన అక్టోబరు, నవంబరు నెలలలో రూపొందినవి. ఏప్రిల్ నాటివి చేనిపని ముగిసిన తరువాతివి. సంఖ్యను పెంచినది మన చూర్ణమా, పిచికారీ ఆగుటయా? చూర్ణము తీసికొనని రైతులను కొందరిని అవే నెలలలో పరీక్షించి యుండినచో తెలిసెడిది. అది జరుగలేదు.

అమ్మాయి ముఖము చిన్నబోయినది. నాకును సిగ్గుగానే తోచినది. నలువది యేండ్లుగా ఆ చూర్ణమునే ఇచ్చుచు, ఫలితము కనబడినప్పుడెల్ల కీర్తి దానికే కట్టబెట్టితిని. అయినను శ్రమ వృథా కాలేదంటిని. కారణమును తొలగించుట, అనగా నిదానపరివర్జనము, చికిత్సలో మొదటిదని సుశ్రుతుని మాటయే గదా.

ఆ సుశ్రుతుడే గర్భమునకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కూడవలెనని శారీరస్థానమున అంకురము పోలికతో చెప్పెను. కల్పస్థానమున దూషీవిషమును వివరించెను: శక్తి సన్నగిల్లినను దేహమున నిలిచి, మెల్లగా ధాతువులను చెరచు విషము. "పురుగుమందే దూషీవిషము" అని అమ్మాయి వ్రాసినది. పోలిక బాగున్నది, కాని పోలిక ఋజువు కాదు. ఆ వాక్యము కొట్టివేయించితిని.

ఋజువు కావలెనన్న మనవారి పరిశీలనయే ఉన్నది. పత్తిచేలలో మందు కొట్టు పురుషులున్న వెయ్యికి పైబడిన జంటలను, ఆ సంబంధము లేని జంటలతో పోల్చి ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞులు 1991లో ప్రచురించిరి. మందు కొట్టువారి జంటలలో సంతానము తక్కువ. గర్భస్రావములు, మృతశిశు జననములు ఎక్కువ. అంతకు ముందు 1977లో, అమెరికాలోని కాలిఫోర్నియా యందు డీబీసీపీ అను నులిపురుగుల మందు తయారుచేయు కార్మికులు తమకు బిడ్డలు కలుగుట లేదని తామే గుర్తించిరి. పరీక్షింపగా కొందరిలో వీర్యకణములు అసలే లేవు. పని మానిన పిదప కొందరు కోలుకొనిరి, కొందరు కోలుకొనలేదు. ఐతే 1991 నాటి మందులన్నియు నేడు లేవు. బీహెచ్‌సీ 1997లోను, ఎండోసల్ఫాన్ 2011లోను నిషేధింపబడినవి. నేటి మందులకు ఆ ఫలితమును యథాతథముగా అంటగట్టరాదని కూడ వ్రాయించితిని.

ఇంకొక పేరా చేర్చుమంటే అమ్మాయి తటపటాయించినది. అది మన ఇంటి దోషము. 2011–12లో న్యూయార్క్ నగరమున ఆరుగురు గర్భిణులకు భారతదేశపు ఆయుర్వేద మందుల వలన సీసము విషమైనదని అక్కడి ఆరోగ్యశాఖ తేల్చినది. చేని విషమును ఎత్తిచూపి మన డబ్బాలోని విషమును దాచినచో అది శాస్త్రము కాదు. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య లేని భస్మములను, గుళికలను సంతానము కోరు దంపతులు ఇద్దరును ముట్టరాదు.

గృహిణులు గమనింపవలసినవి కొన్ని. పిచికారీ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు. మందు డబ్బా ఖాళీదైనను వంటింటికి రానీయరాదు. వైద్యుని వద్దకు భర్తయు వెళ్ళవలెను. మందు కొట్టిన తేదీలు కాగితముపై వ్రాసి తీసికొని పోవలెను. పరీక్షలో వీర్యకణములు అసలే లేకున్నను, భార్యకు 35 ఏండ్లు దాటి ఆరు నెలలుగా గర్భము నిలువకున్నను, చూర్ణములతో కాలము గడపక సంతాన చికిత్స నిపుణుని చూడవలెను. కొందరు పిచికారీ పనిని కూలికి అప్పగించుదురు. అప్పుడు విషము కోయ కూలివాని ఇంటికి చేరును. అతనికిని భార్య ఉన్నది.

వ్యాసము ముగిసినది. "సంఖ్య పెరిగినది, చూర్ణము వలననే అని చెప్పుటకు ఈ పట్టిక చాలదు" అన్నది దాని చివరి వాక్యము. పట్టికలో క్రొత్త గడి గీసికొని, వచ్చే పత్తి కాలమున మరల అవే పల్లెలకు పోవుదునని అమ్మాయి చెప్పినది. ఈసారి కూలివారి ఇండ్లకు కూడ వెళ్ళుమంటిని.