పోటీ పరీక్షల ప్రత్యేకం: విరేచనాలకు జింక్ ఎందుకు?

జింక్ పరమాణు సంఖ్య 30. శరీరం దీన్ని ప్రధానంగా చిన్న పేగులో గ్రహిస్తుంది. ధాన్యాలు, పప్పుల్లోని ఫైటేట్లు అందుకు అడ్డుపడతాయి. మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ అడ్డు తగ్గుతుంది.

జింక్ లోపిస్తే పేగు లోపలి పొర బలహీనపడి విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనాలతో ఒంట్లో ఉన్న జింకూ పోతుంది. ఈ విషవలయం పసిపిల్లల ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ ఇవ్వాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సిఫారసు చేశాయి. అప్పటి సిఫారసు ప్రకారం మోతాదు రోజుకు 20 మి.గ్రా., ఆరు నెలల లోపు పిల్లలకు 10 మి.గ్రా.; వ్యవధి 10–14 రోజులు. విరేచనాలు ఆగినా మందు ఆపకూడదు. ఇది ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయం.

జింక్‌తో ముడిపడిన మరికొన్ని అంశాలు:

అక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికా: పేగు జింక్‌ను గ్రహించలేని జన్యువ్యాధి.

విల్సన్ వ్యాధి: శరీరంలో రాగి పేరుకుపోయే ఈ వ్యాధిలో, పేగులో రాగి శోషణను తగ్గించడానికి జింక్ ఇస్తారు.

ఇరాన్ రోగులను పరిశీలించి, మనుషుల్లో జింక్ లోపం ఉండవచ్చని 1961లో సూచించినవారు భారత సంతతి వైద్యుడు ఆనంద ప్రసాద్.