గట్టు మీది కూనలు

అమెరికా బాబ్‌క్యాట్ వీడియోలు మన హాస్టల్లో చాలామందే చూస్తారు. పొట్టి తోక, చెవుల కొసన నల్ల కుచ్చు, మంచులోకి ఎగిరి దూకి ఎలుకను పట్టడం... అలాంటి బతుకే బతికే పిల్లి మా నెల్లూరు తీరంలో వరి మళ్ల మధ్యే ఉంది. పేరు జంగపిల్లి. కొందరు బావురుపిల్లి అంటారు గానీ, ఆ పేరు చేపలు పట్టే ఇంకో పిల్లికీ వాడతారు. అందుకని నేను జంగపిల్లి అనే రాస్తాను.

శాస్త్రనామం ఫెలిస్ చాస్. అంటే వరసకు బాబ్‌క్యాట్ కన్నా మన ఇంటి పిల్లికే దగ్గర. కానీ ఇంటి పిల్లి కంటే పెద్దది, కాళ్లు బాగా పొడుగు. ఇసుక రంగు ఒళ్లు, మచ్చలుండవు. కాళ్ల మీద లీలగా చారలు, తోక కొస నలుపు. చెవుల మీద కుచ్చు ఉంటుంది, బాబ్‌క్యాట్‌కి ఉన్నంత ఉండదు.

పేరులో అడవి వాసన ఉన్నా దట్టమైన అడవి దీనికి నచ్చదు. నీళ్ల పక్కన జమ్ము, ఎత్తు గడ్డి, పొదలు, చెరకు తోటలు కావాలి. పులికాట్ అంచు నుంచి బకింగ్‌హాం కాలువ గట్ల దాకా అలాంటి చోట్లకు మాకు కొదవ లేదు. ఈత కూడా బాగా వచ్చు. పొద్దున్నే, సాయంత్రం ఎక్కువగా తిరుగుతుంది. గడ్డిలో ఎలుక కనిపించక్కర్లేదు, చప్పుడు వింటే చాలు, గురి చూసి దూకుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో చేసిన అధ్యయనం ప్రకారం ఒక్కో పిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకల్ని పడుతుంది. ఎలుకల మందుకి ఎంత ఖర్చవుతుందో వరి పండించే ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ మందు తిన్న ఎలుకను తిని ఇదీ చావొచ్చు, అది వేరే సంగతి.

మొన్న ఉగాదికి ఊరెళ్తే మా చేలో కోత మిషన్ తిరుగుతోంది. గట్టు పక్క గడ్డిలో మూడు కూనలు. చారలున్నాయి (కూనలకే ఉంటాయి, పెద్దయ్యాక పోతాయి). తల్లి లేదు. పాపం అనాథలు అనుకుని తువ్వాల్లో చుట్టి ఇంటికి బయల్దేరా. పాలు పట్టించాలని కూడా ప్లాన్ వేశా.

కోతకొచ్చిన తాత ఒకాయన ఆపాడు. "యాడికి అబ్బయ్యా? పెట్టెయ్ ఆడనే. తల్లి మేతకి పోయింటాది, పొద్దుగూకితే వస్తాది."

తర్వాత చదివితే ఆయన మాటే నిజం. కోతల్లో దొరికే కూనల్లో చాలావాటికి తల్లి దగ్గర్లోనే ఉంటుందట, మనుషుల అలికిడి తగ్గాకే వస్తుందట. ఆవుపాలు వాటి కడుపుకి పడవు. వేట నేర్పేది తల్లే, ఇంట్లో పెరిగింది మళ్లీ పొలంలో బతకలేదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోవడం నేరం. మంచి చేస్తున్నానన్న ధీమాతో నేను చేయబోయింది దొంగతనమే!

తీసిన చోటే పెట్టి, కుక్కలు రాకుండా చీకటి పడేదాకా దూరంగా కూర్చున్నా. తెల్లారి వెళ్తే కూనలు లేవు. ముందు గుండె గుభేలుమంది. తర్వాత కాలువ బురదలో అడుగులు చూశా. కుక్క అడుగైతే గోళ్ల గుర్తు పడుతుంది. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. బురదలో గోళ్ల గుర్తుల్లేవు. గట్టు నుంచి జమ్ములోకి, మళ్లీ జమ్ము నుంచి గట్టుకి... అవే అడుగులు చాలాసార్లు.