గోలకొండ దుర్గము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, సుమారు 400 అడుగుల ఎత్తుగల రాతిగుట్టపై గోలకొండ దుర్గ మున్నది. గొల్లలు మందలను మేపుకొనిన కొండ యగుటచే దీనికి గొల్లకొండ యను పేరు కలిగెననియు, అదియే గోలకొండగా మారెననియు జనులు చెప్పుదురు.

కాకతీయుల కాలమున నిచట మట్టికోట యుండెను. 1364లో నది బహమనీ సుల్తానుల వశమయ్యెను. 1518లో సుల్తాను కులీ స్వతంత్రుడై కుతుబ్‌షాహీ రాజ్యమును స్థాపించి, దీనిని రాజధానిగా జేసికొనెను. ఆ వంశమువారు మట్టిగోడలకు మారుగా రాతిప్రాకారములు కట్టించిరి. వారిలో ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి, మల్కిభరాముడని వారిచే కొనియాడబడెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. 1591లో హైదరాబాదు నగరము వెలసిన పిదపను, ఆపత్కాలమున రాజులకు శరణ్యము గోలకొండయే.

వెలుపలి ప్రాకారమునకు 8 ద్వారములును 87 బురుజులును గలవు. మట్టిగొట్టముల ద్వారా నీటిని అంచెలంచెలుగా కొండపైకి చేర్చెడివారు. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు చరచినచో, ఆ ధ్వని శిఖరమునందలి బాలాహిస్సారు వరకు వినబడును.

ఇంతటి దుర్గ మెట్లు పడిపోయెను? తానీషా యని పేరొందిన అబుల్ హసన్ తుది సుల్తాను. ఆయన మంత్రులైన అక్కన్న మాదన్నలు 1686లో హత్య గావింపబడిరి. శత్రువు రాకమునుపే కొలువులో ఐకమత్యము చెడెను. మరుసటి యేట మొగలు చక్రవర్తి ఔరంగజేబు కోటను ముట్టడించెను. ఫిరంగులు మ్రోగినవి, మందుపాతరలు ప్రేలినవి. రాత్రివేళ గోడ లెక్కబోయినవారును వెనుకకు మరలిరి. వానలచేతను, తిండిలేమిచేతను మొగలు సైన్యము మిక్కిలి బాధపడెను. దాదాపు ఎనిమిది మాసములు కోట చలింపలేదు.

అప్పుడు ధనాశకు లోబడిన ఒక సేనాని, 1687 సెప్టెంబరులో ఒకనాటి రాత్రి, లోపలినుండి తలుపు తీసెను. అదే కోటలో అబ్దుల్ రజాక్ లారీ యను వేరొక సేనాని యుండెను. చక్రవర్తి చూపిన ఆశలను అతడు మునుపే తిరస్కరించి యుండెను. శత్రువులు చొరబడిరని వినినంతనే, జీనులేని గుఱ్ఱమెక్కి, కొద్దిమంది అనుచరులతో వారి నెదిర్చి, మేనెల్ల గాయములై పడిపోయెను. అతని స్వామిభక్తికి మెచ్చి ఔరంగజేబే వైద్యులను పంపి బ్రతికించెను. తానీషా బందీయై దౌలతాబాదునకు పోయి, అచటనే మరణించెను.

నేడును గోలకొండను జూడబోయిన బాలురు ఫతే దర్వాజాకడ చప్పట్లు చరచి, ప్రతిధ్వని విని ముచ్చటపడుదురు. శత్రువు రాకను కొండమీదికి దెలుపగల ఆ ద్వారము, లోనివాని మనస్సున గల ద్రోహమును దెలుపజాలకపోయెను. కోటకు రక్ష రాళ్లు కావు, దానిని గాచు మనుజులే యని లారీ గాయములు చాటుచున్నవి.