క్రొత్త నీటిలో చేపలేల చచ్చును?

నడిగడ్డ పల్లెలలో పొలము ప్రక్కను కుంట త్రవ్వించుకొనిన రైతులును, ఇంటి వసారాలో గాజుతొట్టె నుంచుకొనిన పిల్లలును ఒకే ప్రశ్న నడుగుచున్నారు. నీరు తేటగా నున్నది, మేత వేళకు వేయుచున్నాము, నాచుమొక్కలు కూడ నాటితిమి; అయినను పక్షము తిరుగకముందే చేపలేల తేలుచున్నవి? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము కుంటగట్టున నిలిచి చెప్పుట కష్టము. అడుగున జరుగునది కంటికి కానరాదు. గాజుతొట్టెలో నన్నచో అదియే వ్యవహారము అద్దముగుండ కనబడును. కావున తొట్టెతో ప్రారంభించి కుంటకు పోవుదము.

రాజోలిలో మా పఠనమందిరపు కిటికీ ప్రక్కను ఒక తొట్టె పెట్టితిని. పొడవు 3 అడుగులు, వెడల్పు 1 అడుగు, నీటిలోతు 1 అడుగు. అనగా సుమారు 85 లీటర్ల నీరు. నేను సేద్యగాడను గనుక మొక్క యనగానే ఎరువు జ్ఞాపకమునకు వచ్చినది. అడుగున రెండు వ్రేళ్ల మందమున పశువుల ఎరువు పరచి, దానిపై ఏటి ఇసుక పోసి, నాచు నాటి, కుళాయినీరు నింపి, ఆ సాయంకాలమే వ్రేలెడేసి రవ్వపిల్లలను పండ్రెండింటిని విడిచితిని. పిల్లలు రెండుపూటల వేరుసెనగ పిండియు తవుడును వేయుచు, వానితో తృప్తిలేక మరమరాలు కూడ వేసిరి. మూడవనాటికి నీరు తెల్లబారెను. అయిదవనాడు తెల్లవారుజామున చేపలన్నియు పైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను, రెండు చచ్చినవి. నేను నీరంతయు తోడివేసి, పైయిసుకను ఎండబోసి కడిగి, మరల కుళాయినీరే నింపితిని. ఆ రాత్రి మరియొకటి పోయెను. నాలుగు దినములు బాగుగ నుండి, అయిదవనాటి మధ్యాహ్నము మూడుగంటలవేళ అయిదు చచ్చినవి. చెరువులో చేపలకు తెగులు వచ్చినచో సున్నము చల్లుట మన యలవాటు గదా, సున్నపుతేట పోసితిని. పొద్దు గ్రుంకులోపల మిగిలిన నాలుగును పోయినవి.

పండ్రెండు చేపలు, నాలుగు మారులు చచ్చినవి. నాలుగింటికి నాలుగు కారణములు. నేనన్నిటికిని తెగులని ఒకే పేరు పెట్టితిని. అదియే మొదటి తప్పు.

పశువుల కొట్టములోనికి తెల్లవారి పోయినచో ముక్కున కెక్కు ఘాటు మనకందరకు తెలిసినదే. అది అమోనియా. చేప తన నత్రజని మలమును మొప్పలగుండ అమోనియారూపముననే నీటిలోనికి విడుచును. తినకమిగిలిన పిండి, కుళ్లిన ఆకు, అడుగున దాచిన ఎరువు, ఇవన్నియు కుళ్లి అమోనియానే యిచ్చును. ఏటిలో చేపకు ఈ చిక్కు లేదు, ప్రవాహము కొనిపోవును. మన తుంగభద్ర ఎండాకాలమున ఎంత సన్నగిల్లినను తొట్టెకంటె పెద్దదే. (2009 అక్టోబరులో అది పెద్దదై ఊరిమీదికే వచ్చినది, ఆ సంగతి మనకు చెప్పనక్కరలేదు.) తొట్టెనుండి, కుంటనుండి కొనిపోవువారు లేరు. అచ్చట ఆ పని చేయవలసినవి కంటికి కానరాని సూక్ష్మజీవులు.

పొలములో వేసిన యూరియా అమోనియాగా మారి, అమోనియా నైట్రేటుగా మారి పైరునకు అందునని రైతు ఎరుగును. పాతగోడల యడుగునను కొట్టపు మట్టిలోను సూరేకారము పేరుకొనుట కూడ ఈ మార్పుచేతనే. 1877 లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ష్లోజింగు, మ్యూంట్జు అనువారు గొట్టములో ఇసుకయు సున్నపురాతి పొడియు నింపి, మురుగునీటిని మెల్లమెల్లగా దిగనిచ్చిరి. ఇరువది దినములదాక ఏమియు మారలేదు. ఆ తరువాత అడుగున నైట్రేటు దిగసాగెను. క్లోరోఫారము ఆవిరి పట్టింపగా మార్పు నిలిచిపోయెను. కావున ఇది జీవులు చేయు పనియని తేలినది. ఈ పని రెండుమెట్లలో జరుగునని, ఒక జాతి అమోనియాను నైట్రైటుగను, మరియొక జాతి నైట్రైటును నైట్రేటుగను మార్చునని ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ క్షేత్రమున వారింగ్టను చూపెను. ఆ జీవులను వేరుచేసి పెంచినవాడు రష్యా దేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ. అది 1890 ప్రాంతము.

ఆ ఇరువది దినములే మన పాఠమునకు కీలకము. క్రొత్త ఇసుకలో, క్రొత్త నీటిలో, క్రొత్తగ త్రవ్విన కుంటలో ఈ జీవులు చాలినన్ని యుండవు. అవి మెల్లగా పెరుగును. రెండు జాతులును నిలద్రొక్కుకొనుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. అంతవరకు అమోనియా మొదట పెరిగి, అది తగ్గుసరికి నైట్రైటు పెరిగి, పిమ్మట అదియు తగ్గును. నేను ఇసుక కడిగి, మందు కలిసిన కుళాయినీరు పోసినప్పుడు, పుట్టుచున్న ఆ కొద్దిపాటి జీవులను కూడ చంపితిని. శుభ్రము చేసితినని సంతోషించితిని.

మొక్కల సంగతి యేమి? పైన చెప్పిన వారింగ్టను తండ్రి పేరును రాబర్టు వారింగ్టనే. 1850 లో లండను రసాయన సంఘమునకు ఒక తొట్టెకథ విన్నవించెను. రెండు చిన్న గోల్డు ఫిష్ చేపలు, నాడావలె పొడవైన ఆకుల నీటిమొక్క. చేప విడుచు బొగ్గుపులుసుగాలిని మొక్క గొనును, మొక్క విడుచు ప్రాణవాయువును చేప పీల్చును; ఇంక లోటేమి? లోటు కలిగినది. ముదురాకులు కుళ్లి నీరు చెడెను. నీటినత్తలను విడువగా అవి కుళ్లిన ఆకును తినివేసెను, తొట్టె నిలిచెను. తండ్రి తొట్టెలో మిగిలిన ప్రశ్నను కొడుకు మట్టిలో విప్పెననవచ్చును. మొక్క పెరుగుచున్నప్పుడు అమోనియాను తానే పీల్చుకొని మేలు చేయును. క్రొత్తగ నాటి వేరూననిది ఆకురాల్చి కీడు చేయును. నాటిన మొదటి పక్షములో రాలిన ఆకును ప్రతిదినము ఏరివేయవలెను.

ఇప్పుడు మధ్యాహ్నపు చావు. అమోనియా యంతయు విషము కాదు. నీటి పీహెచ్, అనగా పులుపు క్షారముల కొలత, 7 ఉన్నచో, 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి వద్ద, మొత్తము అమోనియాలో చేపను చంపు రూపము నూటికి ఒక పాలైనను ఉండదు. పీహెచ్ 8 కాగా అయిదు పాళ్లు. 9 కాగా ముప్పదియారు పాళ్లు. వేడిమి పెరిగిన కొలది ఇంకను హెచ్చు. ఎండలో నాచు నీటిలోని బొగ్గుపులుసుగాలిని లాగివేయును గనుక, దట్టముగ మొక్కలున్న తొట్టెలోగాని పచ్చని కుంటలోగాని మధ్యాహ్నము తిరుగువేళకు పీహెచ్ మిక్కిలి పెరుగును. ఉదయము నిరపాయముగ నున్న అమోనియాయే సాయంకాలమునకు విషమగును. అట్టి నీటిలో నేను సున్నము పోసితిని! సున్నము మంచిదే; కుంట ఎండియున్నప్పుడు, అడుగు పులిసినప్పుడు దానికి సాటి లేదు. అమోనియా యున్న నీటిలో మాత్రము అది ప్రాణాంతకము. ఆ సమయమున చేయవలసినది మేత పూర్తిగ నిలుపుట, మూడవవంతు నీరు మార్చుట, మరునాడు మరల మార్చుట.

తెల్లవారుజామున కలుగు చావు వేరు. నీటిలో ప్రాణవాయువు పట్టు మేరకు హద్దు కలదు: 20 డిగ్రీల వద్ద లీటరునకు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర. మన యెండలలో మొదటినుండియు తక్కువే. రాత్రి మొక్కలు కూడ ప్రాణవాయువునే పీల్చును. ఎరువు కుళ్లుట రేయింబవళ్లు పీల్చును. సూర్యోదయమునకు ముందు అది అడుగంటును. మబ్బు రెండు మూడు దినములు విడువక పట్టినచో అపాయము మరింత. కుంటలో దీనికొక మంచి సాక్షి కలదు. బొచ్చె, రవ్వ, మోసు చచ్చి, కొర్రమీను నిక్షేపముగ నున్నచో లోపము ప్రాణవాయువే. కొర్రమీను పైకి వచ్చి గాలిని పీల్చుకొనగలదు. తరచు పెద్ద చేపలే ముందు పోవును. మోటారు పెట్టి ఆ కుంటనీటినే ఎత్తి, జల్లుగ మరల కుంటలో పడునట్లు చేయుడు. తొట్టెకు చిన్న గాలిపంపు చాలును. విద్యుత్తు పోయినపుడు లోటాతో ఎత్తిపోయవలెను.

చేప ప్రాణవాయువునకై వగర్చుచున్నది, నీటిలో ప్రాణవాయువు చాలినంత యున్నది. అట్లయినచో మొప్ప నెత్తి చూడుడు. నెత్తురు ఎర్రగా గాక గోధుమవన్నె నున్నచో అది నైట్రైటు చేసిన పని. మూడవ నాలుగవ వారములలో ఇది కనబడును. నెత్తురు గాలిని మోయలేకపోవును. దీనికి మందు వంటింటిలోని ఉప్పు. 85 లీటర్ల తొట్టెకు 10 గ్రాములు కరగించి పోసిన మొక్కలకు హాని లేదు, చేపకు రక్షణ కలుగును. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పలగుండ లోనికి రానీయదు. ఉప్పుబోరుల నీటిలో ఈ చావు అరుదగుటకు కారణమిదియే.

తెగులుగాదు, గాలిలోపముగాదు, అన్ని జాతులును ఒక్కసారి మెలికలు తిరుగుచు, చిన్నపిల్లలు ముందుగ, పగలు రాత్రి యనక చచ్చినచో విషమును శంకింపుడు. గద్వాల ప్రాంతము పత్తివిత్తన సేద్యమునకు పేరు పొందినది. పిచికారీ లేని వారము లేదు. ఎండోసల్ఫాను మందును 2011 లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. కాని పేరు చివర మెత్రిను అని వచ్చు మందులు చేపలకు అతిస్వల్ప పరిమాణముననే విషములు. పిచికారీ డబ్బాను కుంటలో ముంచి కడుగరాదు. చేనినుండి పారు వాననీరు కుంటలో దిగకుండ చిన్నగట్టు వేయవలెను. మందు కొట్టిన చేతితోనే మేత వేసినవారిని నేనెరుగుదును.

నీటినిగూర్చి రెండు మాటలు. కుళాయినీటిలో క్లోరిను కలదు. నా చేప మొదటి రాత్రి దానిచేతనే పోయినది. వెడల్పు గంగాళములో ఒక దినము తెరచి యుంచవలెను. తొందరయైనచో ఫొటోగ్రాఫరులు వాడు హైపో ఒక గ్రాము 85 లీటర్లకు చాలును. బోరునీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. ఎత్తునుండి జల్లుగ పడనిచ్చి వాడుకొనవలెను. రాజోలిబండ కాలువ నీరు (పేరు మన యూరిదివలె నున్నను ఆనకట్ట రాయచూరు జిల్లాలో నున్నది) వాడువారు పై పొలములలో మందు కొట్టు దినములు విడిచి నింపుకొనుట మంచిది.

చేపపిల్లలు వచ్చు ప్లాస్టికు సంచిని గూర్చియు జాగ్రత్త వలయును. సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, లోని వేడిమి సరిపడిన పిమ్మట విప్పి, కొద్దికొద్దిగా మన నీరు కలిపి, పిల్లలను మాత్రము విడువవలెను. దూరప్రయాణపు సంచిలో అమోనియా నిండియుండును. లోపలి బొగ్గుపులుసుగాలివలన పీహెచ్ తగ్గి అది అణగియుండును. సంచి విప్పి గంటలతరబడి తాత్సారము చేసిన ఆ గాలి పోయి, అమోనియా విజృంభించును. సంచినీటిని తొట్టెలో పోయరాదు.

రెండవమారు నేను ఎరువు లేకుండ, కడిగిన ఇసుకలో దట్టముగ నాచు నాటి, చిరకాలముగ చేపలున్న ఒక తొట్టెనుండి గుప్పెడు ఇసుక తెచ్చి కలిపితిని. చేపలు లేకుండనే దినమునకు చిటికెడు పిండి వేసి కుళ్లనిచ్చితిని. ఆ జీవులకు అదియే మేత. చుక్కలమందు వేసి రంగు చూచు పరీక్షపెట్టెతో రెండుదినముల కొకమారు అమోనియాను, నైట్రైటును కొలిచి గోడమీద వ్రాసితిని. ముప్పదినాలుగవనాటికి రెండును సున్నకు దిగినవి. అప్పుడు మూడు చేపలను, వరిమడినుండి తెచ్చిన నత్తలను విడిచితిని. పక్షము గడచి మరల కొలిచి, ఇంక మూడింటిని చేర్చితిని. మేత, అయిదునిమిషములలో తిని ముగించునంతయే. ఇసుకను కడుగను, వారమునకు నాలుగవవంతు నీరు మాత్రము మార్చుదును, ఆ నీరు కరివేపచెట్టునకు పోవును. తొట్టె పఠనమందిరములోనే యున్నది. పరీక్షపెట్టెయు దాని ప్రక్కనే. కుంట గలవారు ఒక సీసా నీరు తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నము మూడుగంటలకు ఒకటి పట్టి, వేళను సీసాపై వ్రాసి తెచ్చినచో వెంటనే చూచి చెప్పగలము.