తాతగారి త్రాసు - దాచుకొనుటకు హద్దు

వర్తక కుటుంబములలో అనేకుల యింట ఒక పాత పెట్టె ఉండును. అందులో నగలు ఉండవు. కాని యింటివారు దానిని నగలకంటె భద్రముగా చూచుకొందురు. తాతగారు అంగడిలో వాడిన త్రాసు, అంచులు అరిగిన తూనికరాళ్లు, గుడ్డ అట్టవేసిన చిట్టా ఆవర్జాలు, అవ్వగారు నీరు వడగట్టిన గుడ్డ, పేరు చెక్కించిన ఇత్తడి చెంబు - ఇవియే అందులోని సొత్తు. బజారుకు తీసికొనిపోయినచో పాత ఇత్తడి ధర వచ్చును. ఇంటిలో ఉన్నంతవరకు వానికి వెలకట్టువాడు లేడు.

పరిగ్రహమును తగ్గించుకొనుడని బోధించు ధర్మమును పాటించు ఇంట ఇట్టి వస్తువులకు చోటు ఉన్నదా? ఉన్నచో ఎంతవరకు? ఈ ప్రశ్నను త్రాసునే ఉదాహరణగా తీసికొని విచారించుట ఈ పాఠము ఉద్దేశము.

1. రాయి చెప్పు చరిత్ర

మునుపటి మదరాసు రాజధానిలో తూనికల లెక్క ఇట్లుండెను. 3 తులములు ఒక పలము; 8 పలములు ఒక సేరు; 5 సేర్లు ఒక వీశ; 8 వీశలు ఒక మణుగు; 20 మణుగులు ఒక బారువ. తులము సుమారు 11.66 గ్రాములు. కనుక వీశ దాదాపు 1 కిలో 400 గ్రాములు, మణుగు దాదాపు 11 కిలోల 200 గ్రాములు అగును. రైల్వేలలో వాడుకలోనుండిన సేరు వేరు. అది 80 తులములు, అనగా సుమారు 933 గ్రాములు. అట్టి 40 సేర్లు ఒక మణుగు, సుమారు 37 కిలోల 300 గ్రాములు. పేరు ఒకటే, బరువు వేరు.

అందుచేత పెట్టెలోని సేరురాయిని నేటి కాటాపై పెట్టి చూచినచో తాతగారు ఏ లెక్కలో వ్యాపారము చేసిరో కొంత తెలియును. 280 గ్రాముల దగ్గఱ తూగినచో మదరాసు లెక్క. 933 దగ్గఱకు వచ్చినచో రెండవది. ఊరూర స్థానికమైన లెక్కలును ఉండెడివి గనుక ఈ రెండింటికి చెందని రాయి దొరకినను ఆశ్చర్యము లేదు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది చిన్న విషయము కాదు. దస్తావేజు లేని ప్రయాణమునకు ఒక్కొక్కప్పుడు రాయియే సాక్ష్యము పలుకును.

ఈ రాళ్లు అంగడినుండి పెట్టెలోనికి చేరిన కాలము కూడ తెలిసినదే. 1956లో దేశమంతటికి తూనికల కొలతల చట్టము చేయబడెను. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చి, రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు అను లెక్క మాఱెను. 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూనికలు క్రమముగా అమలులోనికి వచ్చెను. ఎన్నో తరముల చేతికి అలవాటైన వీశయు మణుగును కొలది సంవత్సరములలోనే జ్ఞాపకములైపోయెను.

2. త్రాసు చెప్పు ధర్మము

త్రాసు పళ్లెములలో ఒకటి బరువైనచో తేలికవైపున చిన్న రాయియో సీసపు ముక్కయో కట్టి సరిచేయుదురు. దానిని పాసంగమందురు. నమ్మకమైన వర్తకుడు ఉదయమున అంగడి తెఱచిన వెంటనే ఉత్త త్రాసును ఎత్తి, ముల్లు నడుమ నిలిచినదా లేదా అని చూచెడివాడు. మొదటి బేరమునకు ముందు తనను తాను తూచుకొనుట వంటిది ఆ పని.

ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థసూత్రము శ్వేతాంబర దిగంబర సంప్రదాయములు రెండింటికిని మాన్యమైనది. దాని సప్తమాధ్యాయమున గృహస్థుని అణువ్రతములును, వానికి కలుగు అతిచారములును చెప్పబడినవి. అచౌర్య వ్రతమునకు చెప్పిన 5 అతిచారములు వర్తకుని యెదుట నిలిచి చెప్పినట్లుండును: దొంగతనమునకు ప్రోత్సహించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యనియమములను మీఱి వ్యాపారము చేయుట, తూనికలు కొలతలలో హెచ్చుతగ్గులు చేయుట, మంచి సరుకు పేర నకిలీ సరుకు అమ్ముట. కొనునప్పుడు ఒక రాయి, అమ్మునప్పుడు ఒక రాయి వాడినవాడు ఇనుముతో దొంగతనము చేసినట్లే.

కావున తాతగారి త్రాసు కేవలము ఇత్తడి కాదు. అది ఒక వ్రతము నడచిన తీరునకు గుర్తు.

3. గుర్తు మూర్ఛగా మాఱుట

అయితే అదే అధ్యాయము మఱియొక హెచ్చరిక చేయుచున్నది. పరిగ్రహమునకు అందలి లక్షణము వస్తువుల సంఖ్య కాదు, మూర్ఛ. మూర్ఛ అనగా ఒడలు మఱచునంతటి ఆసక్తి. పరిగ్రహ పరిమాణ వ్రతమున పొలము, ఇండ్లు, వెండి, బంగారము, ధనధాన్యములతోపాటు కుప్యము అనగా గుడ్డలు, పాత్రలు మొదలగు సామగ్రిని కూడ చేర్చి హద్దు పెట్టుకొనుమని చెప్పబడినది. పాత చెంబును లెక్కలోనిదే. వెల లేదు గనుక పరిగ్రహము కాదనుట చెల్లదు.

ఒక యింటిని ఊహించవచ్చును. తండ్రి గతించిన పిమ్మట అన్నదమ్ములు ఇల్లు, అంగడి, రొక్కము ఒక్క పూటలో పంచుకొనిరి. మాట తూలలేదు. కడకు త్రాసు మిగిలెను. పెద్దవాడు, “నేను నాన్నగారితో ఇరువది ఏండ్లు గద్దెమీద కూర్చున్నాను” అనెను. చిన్నవాడు, “కడపటి రోజులలో ఆయనకు మందు పోసింది నేను” అనెను. రెండు మాటలును నిజమే. వేలరూపాయలు విడువగలిగిన చేతులు రెండు పళ్లెములను విడువలేకపోయెను. రెండు ఇండ్ల స్త్రీలకు మాటలు నిలిచిపోయెను.

అంతట తల్లి ఆ త్రాసును తెప్పించి ఎత్తి చూపెను. ఏండ్ల తరబడి మూలనుండుటచే ముల్లు ఒకవైపునకు ఒరిగెను. “నాయనలారా, మీ నాన్నగారు దీన్ని ఎన్నడూ నాది అనలేదు. ఇది కొనడానికి వచ్చినవాడిది, ముల్లు నిలవకపోతే వాడికి నష్టం అనేవారు. ఎవరింట ఉన్నా నాకు ఒకటే. పిల్లలకు ముల్లు చూడడం నేర్పేవాళ్లింట ఉండనీయండి” అనెను.

త్రాసు అన్నగారింటనే ఉండెను. పాసంగము సరిచేయబడెను. ప్రతి దీపావళికి తమ్ముని పిల్లలును ఆ యింటికి వచ్చి, పెదనాన్నగారి యెదుట దానిని ఎత్తి ముల్లు చూచుట ఆచారమయ్యెను.

4. గౌతమస్వామి ప్రేమ

మంచివానియందలి మమకారము కూడ బంధమేనా అని సందేహము కలుగవచ్చును. దీనికి శ్వేతాంబర సంప్రదాయ కథనమొకటి సమాధానము చెప్పును. ఇంద్రభూతి గౌతములు మహావీర ప్రభువునకు ప్రథమ గణధరులు. ఆయనకు ప్రభువుపై గల ప్రేమ అపారము. ఆ ప్రేమయే కేవలజ్ఞానమునకు అడ్డుగా నిలిచెను. పావాపురిలో ప్రభువు నిర్వాణము చెందిన వార్త విని ఆయన దుఃఖించిరి. పిమ్మట వీతరాగునికి తనపై రాగమెక్కడిదని తెలిసికొనిరి. ఆ తెలివితోనే ఆ బంధము తెగి కేవలజ్ఞానము కలిగెను.

ప్రభువుపై ప్రేమయే అడ్డయినప్పుడు ఇత్తడి పళ్లెముపై మమకారము ఎంత? వర్తకులు క్రొత్త లెక్కల పుస్తకములు తెఱచు దీపావళినాడే ఈ స్మరణము కలుగుట గమనింపదగినది. ఆనాడు లెక్క చూచుకొనవలసినది రొక్కము ఒక్కటే కాదు.

5. గృహస్థుడు చేయదగినవి

సాధువునకు సర్వత్యాగము, గృహస్థునకు పరిమితి. పెట్టెలోనివన్నియు పాఱవేయుమని ఎవరును చెప్పలేదు. ఈ క్రింది నియమములు పాటింపవచ్చును.

(అ) దాచిన ప్రతి వస్తువుతోను ఒక చీటీ ఉంచవలెను. ఎవరు వాడిరి, ఏ ఊర, ఏ పనికి అని వ్రాయవలెను. కథ తెలిసిన పెద్దలు జీవించి యుండగానే ఈ పని జరుగవలెను. కథ పోయిన పిదప మిగులునది బరువే.

(ఆ) తూనికరాళ్లను మెఱుగుకొఱకు గట్టిగా తోమరాదు. అరిగిన రాయి సాక్ష్యము తప్పును. వానిని వ్యాపారమున వాడరాదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము ప్రకారము అంగడిలో మెట్రిక్ తూనికలే చెల్లును.

(ఇ) చిట్టా ఆవర్జాలను పొడిచోట, గాలి తగులునట్లు ఉంచవలెను. పురుగు పట్టిన పిదప మందు చల్లుటకంటె పట్టకుండ చూచుటయే అహింస.

(ఈ) ఏటేట పెట్టె తెఱచి, ఒక్కొక్క వస్తువును చేతబట్టి, దీనిని తోబుట్టువు అడిగినచో ఇయ్యగలనా అని ప్రశ్నించుకొనవలెను. ఇయ్యగలిగినది జ్ఞాపకము. ఇయ్యలేనిది మూర్ఛ.

(ఉ) పేదయింటికి పనికివచ్చు చెంబు, బిందె వంటివి అనేకముగా ఉన్నచో ఒకటి ఉంచుకొని తక్కినవి ఇచ్చివేయవలెను. పెద్దల పేర నీరు పోయు పాత్ర, పెట్టెలో నల్లబడు పాత్రకంటె వారిని ఎక్కువగా తలపించును.

పెద్దలు విడిచిపోయినది రెండు విధములు. ఒకటి పెట్టెలో పట్టును. రెండవది నడవడిలో పట్టును. మొదటిదానిని ఒక్కరే ఉంచుకొనగలరు. రెండవదానిని ఎందఱు పంచుకొన్నను తఱుగదు. త్రాసు ఎవరి యింట ఉన్నను, ముల్లు ప్రతి యింటను నడుమ నిలువవలెను.